తోటలో పిలిచిన గొంతు

బట్టలు కుట్టుకుంటూ ఒంటరిగా బతుకుతున్న ఒక దర్జీకి బైబిలు తెరిస్తే చాలు, తండ్రి గొంతే వినిపించేది. చిన్నప్పుడు ఆయన రోజూ ఆమెను ఎదురుగా కూర్చోబెట్టుకుని చదివేవాడు. తోటలో దాక్కున్న ఆదామును దేవుడు "ఎక్కడున్నావు?" అని అడిగే చోట ఆయన గొంతు ఉరిమేది. పిల్ల తానే దొరికిపోయినట్టు ముడుచుకుపోయేది. ఆయన పోయి ఏళ్లు గడిచినా ఆ ఉరుము పోలేదు. అందుకే చర్చిలో ఆమె చివరి బెంచీ మీద కూర్చుని, అందరికంటే ముందే లేచి వెళ్లిపోయేది.

ఒక ఆదివారం ఆ భాగాన్ని రిటైరైన నర్సు ఒకావిడ చదివింది. ఆ ప్రశ్న దగ్గర ఆవిడ గొంతు జీరబోయింది. ప్రార్థన ముగిశాక దర్జీ ఉండబట్టలేక ఆవిడ దగ్గరికి వెళ్లింది.

"దేవుడు అక్కడ కోపంగా కదా అడిగింది, అక్కా?"

"కోపమని ఎక్కడుందమ్మా? బిడ్డ కనపడకపోతే మనం ఎలా పిలుస్తాం?"

దర్జీ గదికి వచ్చి, మిషను మీది బట్టలు పక్కకు నెట్టి, ఆ వాక్యం పైకి చదివింది. తండ్రి గొంతే వచ్చింది. మళ్లీ చదివింది. చీకటి పడేదాకా చదువుతూనే ఉంది. చివరికి వినిపించిన గొంతు ఎవరిదో ఆమె వెంటనే పోల్చుకోలేకపోయింది. మాట్లాడే మనిషి లేక, తన గొంతు తానే మరిచిపోయింది.