మొదటి సోమవారం

జొన్నపిండిలో వేడినీళ్ళు పోసి కలుపుతుంటే నాగేంద్రబాబు గారి ఫోన్ వచ్చింది. రైతు సంఘాల కంప్యూటర్లు చూసే మా చిన్న ఆఫీసుకు ఆయనే పెద్ద. నేను రాయచూరులోని ఇంటినుంచే ఆ పని చేస్తాను. జవళగేర సంఘం సభ్యులకు ప్రతి నెలా మొదటి సోమవారం మీటింగు సందేశం దానంతట అదే పోయేలా పోయిన నెలాఖరున సర్వర్‌లో ఒక ఆదేశాల వరుస రాశాను. తేదీ ఒకటి నుంచి ఏడు లోపు, వారం సోమవారం. ఆ రెండూ కలిసే రోజు నెలకు ఒక్కటే కదా అనుకున్నాను. కానీ ఈ నెల ఒకటో తేదీ నుంచి సందేశం రోజూ పోతోందట. నిన్న గురువారం తులసమ్మ అనే రైతు నాట్ల కూలీలను పొలంలో వదిలి వచ్చి, తాళం వేసిన సంఘం ఆఫీసు మెట్లమీద మధ్యాహ్నం దాకా కూర్చుందట.

"ఆ మాత్రం చూసుకోవద్దామ్మా?" అన్నారాయన. ఏం జరిగిందో తెలియకముందే నేను క్షమించమన్నాను.

ఎందుకన్నాను? అలవాటు కాబోలు. మా అత్తగారు జయాబాయి ఇంటి పద్ధతులు ముందు చెప్పరు, తప్పాక చెప్తారు. గురువారం ఉల్లిగడ్డ వెయ్యకూడదని కూర దింపాకే తెలిసింది. "గిది గూడ చెప్పాల్నా?" అన్నారు. ఆరేళ్ళుగా ప్రతిదానికీ అదే మాట. ఎవరూ చెప్పనిది తెలియకపోవడం నా తప్పేనని ఎప్పుడు ఒప్పుకున్నానో నాకే గుర్తులేదు.

రొట్టెలు అయ్యాక మా ఆఫీసు సూచనల పుట తెరిచాను. నాగేంద్రబాబు గారే ఎప్పుడో రాసింది. 'నిమిషం, గంట, తేదీ, నెల, వారం. ఇవి కుదిరినప్పుడు పని నడుస్తుంది.' పదిసార్లు చదివాను. నేను రాసినదాంట్లో తప్పెక్కడుందో కనపడలేదు. మధ్యాహ్నం భోజనానికొచ్చిన మా ఆయన సూగురేశ్‌కు చూపించాను. ఆయన పాలిటెక్నిక్‌లో కంప్యూటరు పాఠాలు చెప్తారు. ఆ పుట, నా వరుస చదివి, "మొదటి సోమవారమే గద, సాఫ్‌గ ఉంది" అన్నారు. జరిగింది చెప్పాను. "అయితే నువ్వే ఇంకేందో తప్పు రాసుంటవ్. ఇంట్ల కూసొని చేస్తే ధ్యాస యాడుంటది?" అని పెరుగు వడ్డించమన్నారు. ఇద్దరం చదివింది ఒకటే, అర్థం చేసుకున్నదీ ఒకటే. మరి తప్పు నా ఒక్కదానిదే ఎలా అయింది? పెరుగు వేశాను కానీ ఏమీ అర్థం కాలేదు.

ఆయన వెళ్ళాక సర్వర్‌తో పాటే వచ్చే అసలు మాన్యువల్ వెతికాను. కింద ఎక్కడో విడిగా ఒక చిన్న గమనిక: తేదీ, వారం రెండూ ఇస్తే ఏ ఒక్కటి కుదిరినా చాలు, పని నడుస్తుంది. మిగతావన్నీ కలవాలి, ఈ రెండింటికి మాత్రం అక్కర్లేదు. ఎందుకలా? అక్కడ కారణం లేదు. నమ్మలేక, ఈ రోజు తేదీ, వేరే వారం పేరు పెట్టి చూశాను. నడిచింది.

వెంటనే ఆ వరుసలో తేదీలు మాత్రం ఉంచి, సోమవారమా కాదా అన్నది సందేశం పంపే ప్రోగ్రాములోనే చూసేలా మార్చాను. తర్వాత సూచనల పుట ఉదాహరణతో సహా కొత్తగా రాసి పంపాను. నాగేంద్రబాబు గారు బాగుందన్నారు. "కానీ 'మార్పుకు కారణం' అన్న గడిలో మీ పొరపాటు వల్ల అని వెయ్యండి. పాతది నేను రాశానని అందరికీ తెలుసు కదా, బాగోదు" అన్నారు.

ముందే పరీక్షించి చూడలేదు కనుక పొరపాటు నాదే కాబోలు అనిపించింది. సంఘం జాబితాలో నంబరు చూసి తులసమ్మకు ఫోన్ చేసి, ఆ సందేశం పంపింది నేనేనని చెప్పాను.

"అయితే నేను చదివింది తప్పు కాదన్నమాట. ఇవాళ పదకొండింటికి మీటింగు అనే ఉందమ్మా అందులో. మా ఆయన మాత్రం నీకు చదవడం రాదు, అందుకే పని చెడగొట్టుకున్నావన్నాడు. ఇంకెవరూ రాకపోతే నిజమేనేమో అనుకున్నా" అంది.

ఫోన్ పెట్టేసి మళ్ళీ ఆ సూచనల పుట తెరిచాను. తప్పులో సగం నాదా, పావు నాదా, ఇప్పటికీ తేలలేదు. 'మార్పుకు కారణం' గడి ఖాళీగా ఉంది. అందులో ఇలా రాసి, కింద నా పేరు పెట్టి, నాగేంద్రబాబు గారిని అడగకుండానే అందరికీ పంపాను: 'పాత పుటలో ఈ నియమం లేదు. దాన్ని సరిగ్గా చదివినవాళ్ళే ఈ పొరపాటు చేస్తారు.'