ఆయన ఇంట్లో ఉంటేనే నడిచే కంప్యూటర్

“మగాడు ఇంట్లో ఉంటేనే దానికి భయం,” అన్నారు మా అత్తగారు, నా కంప్యూటర్ వంక వేలు చూపిస్తూ. నేను ఒక చేత్తో మౌస్ కదుపుతూ రెండో చేత్తో ఆవిడకి కాఫీ అందిస్తున్నాను. తెర మీద నేను గీస్తున్న క్లినిక్ ప్లాను బిగుసుకుపోయి ఉంది. మా ఇంట్లో ఫ్రిజ్‌లు రెండు. వంటింటిది చల్లబరచడం ఎప్పుడో మానేసింది. ఆ బాధ్యత నా బల్ల మీది కంప్యూటర్ నెత్తికెత్తుకుంది. ప్లాన్లో ఒక గోడ కాస్త జరిపి సేవ్ నొక్కితే చాలు, గడ్డకట్టేస్తుంది.

నవ్వొచ్చింది గానీ అత్తగారి మాటని నవ్వి కొట్టిపారేయలేకపోయాను. ఎందుకంటే అది నిజం. మావారు ఇంట్లో ఉన్నంతసేపూ బుద్ధిగా పనిచేస్తుంది. ఆయన లాప్‌టాప్ సంచీ భుజాన వేసుకుని గుమ్మం దాటారో లేదో, ఫైలు తెరవబోయినా బిగింపే, సేవ్ చేయబోయినా బిగింపే. మిగతా ప్లాన్లకి ఏ రోగమూ లేదు. ఈ ఒక్కదానికే. ఈ ఒక్కటే నాది.

మావారికి ఇళ్ళ డిజైన్ల ఆఫీసుంది. పెళ్ళయినప్పటినుంచీ ఆ ఆఫీసు ప్లాన్లు ఇంట్లో కూర్చుని గీసేది నేను. ఎవరైనా అడిగితే, “మా ఆవిడకి ఖాళీగా ఉంటే తోచదు, ఏవో గీతలు గీస్తుంటుంది,” అంటారు. ఖాళీ! నాకు తెలిసిన ఒకే ఒక్క ఖాళీ, నా జీతం ఉండాల్సిన చోట. మొన్నామధ్య వీధి చివరి పళ్ళ డాక్టరమ్మ నన్ను ఆపి, “నా క్లినిక్ ప్లాను మీరే వెయ్యాలి. ఆయన కాదు, మీరు,” అంది. నోళ్ళు తెరిపించడం ఆవిడ వృత్తి. నా నోరు ఇంటికొచ్చేదాకా మూతపడలేదు.

శుక్రవారానికి ప్లాను ఇవ్వాలి. “కుదరకపోతే చెప్పు, నేను చూసుకుంటాలే,” అన్నారు మావారు, అడక్కుండానే. ఆయన అడక్కుండా సాయం చేసిన సందర్భాలు గుర్తుచేసుకుందామని కూర్చున్నాను. త్వరగానే లేచాను.

రిపేరు చేసేవాడికి ఫోన్ చేస్తే, “మిగతా ఫైళ్ళు నడుస్తున్నాయంటే మిషన్ బాగానే ఉన్నట్టు మేడమ్. సార్ ఇంట్లో ఉంటే ఒకసారి ఫోన్ ఇవ్వండి,” అన్నాడు.

“సారుంటే అసలు రోగమే ఉండదయ్యా,” అన్నాను.

ఇక అందరినీ అనుమానించాను. ప్లగ్గుని, ఫ్యానుని, అత్తగారి టీవీని. చివరికి నన్ను కూడా, అలవాటుకొద్దీ. ఆ తర్వాత ప్లాన్ని ముక్కలు చేయడం మొదలుపెట్టాను. గోడలు మాత్రం కొత్త ఫైల్లోకి తీసుకెళ్ళాను, చక్కగా నడిచింది. తలుపులు చేర్చాను, నడిచింది. పేషెంటు కుర్చీ, చేతులు కడుక్కునే సింకు, బయట బెంచీలు... అన్నీ నడిచాయి. నేను గీసినవాటిలో తప్పు లేదు. అయితే నా ప్లాన్లో నేను గీయనిది ఏముంది?

ప్రింటు షీటు, ప్లాను కాగితం మీద ఎలా అచ్చవ్వాలో చూపే పేజీ. “అది నేను సెట్ చేశాలే, దాని జోలికి పోకు,” అని ఆదివారం అన్నారు మావారు.

పోయాను. షీటు తెరుచుకునే లోపు ఒక కుక్కర్ దించి, బట్టలు ఆరేసి వచ్చాను. కింది మూల, ప్లాను ఎవరు వేశారో రాసే పేరు పెట్టె ఉండాల్సిన చోట, ఒక్క వాక్యం: ఫైలు దొరకలేదు. దాని పక్కనే ఆ ఫైలు ఉండే చోటు. మావారి లాప్‌టాప్. దానికి ఆయనే ముద్దుగా పెట్టుకున్న పేరు ‘బాస్’.

ఆఫీసు ప్లాన్లకి పేరు పెట్టెలు ఆఫీసులోనే తగిలిస్తారు, నా దాకా రావు. నా ప్లానుకి మాత్రం ఆయన ఇంట్లోనే, నా కంప్యూటర్‌లోనే తగిలించారు. పెట్టె ఆయన లాప్‌టాప్‌లో, దాని లింకు నా ప్లాన్లో. ఆయన బయటికెళ్ళిన ప్రతిసారీ నా ప్లాను పనంతా ఆపేసి ఆయన పేరు కోసం వెతుక్కుంటోంది.

సాయంత్రం ఆయన వచ్చి లాప్‌టాప్ తెరిచారు. నా తెర మూలన పెట్టె ప్రత్యక్షమైంది. రూపకల్పన: ఆయన పేరు. గీసినవారు: ఒక అడ్డగీత. కాపురానికొచ్చాక నేనెప్పుడూ గీత దాటలేదని మావాళ్ళంతా మెచ్చుకుంటారు. ఎలా దాటుతాను? ఆ గీతే నేను.

“ఇదేమిటండీ?”

“ఏముంది, పేరు. నాదుంటే ఆ డాక్టరమ్మకి నమ్మకం. అయినా మనలో మనకి నీ పేరు, నా పేరు ఏమిటే?”

“అయితే నాదే పెడదాం.”

ఆయన గట్టిగా నవ్వారు. నా మొహం చూసి ఆపారు. “కాఫీ ఉందా?” అన్నారు.

“ఫ్లాస్కులో ఉంది,” అన్నాను. లేవలేదు.

మర్నాడు ఆయన వెళ్ళగానే లింకు తీసేశాను. కొత్త పెట్టె గీసి, రెండు చోట్లా నా పేరు రాసి సేవ్ నొక్కాను. వేలు తీసేలోపే అయిపోయింది.

అత్తగారు వచ్చి వెనక నిలబడ్డారు. “వాడు బయటికెళ్ళాడుగా, ఎలా నడుస్తోందే?”

“ఆయన్ని వెతకడం మానేసిందత్తయ్యా.”

ఆవిడ కళ్ళజోడు సర్దుకుని తెర మీదికి వంగారు. “ఆ మూలనున్నది నీ పేరేనా?”

“అవును.” రాబోయే మాట కోసం భుజాలు బిగించుకున్నాను.

“పెద్దది చెయ్యి. ఇలా రాస్తే ఎవరికి కనబడుతుంది?”

పెద్దది చేసి, డాక్టరమ్మకి పంపేశాను.