సామాన్ల గదిలో చుట్టం

చర్చిలో ఆమెను అందరూ ఇస్త్రీ అక్క అంటారు, ఆమె వెనకాల. ఎదుటపడి ఆ పేరు అనగలిగేది ఒక్క ఆడపడుచే. దుప్పటిని కూడా ఇస్త్రీ చేయకుండా పరుపు మీద పరవని మనిషికి అంతకంటే తగిన పేరు దొరకదని ఆవిడ వాదన.

ఇల్లు పోగొట్టుకున్న వాళ్ళకు ఇల్లు అమర్చి ఇవ్వడం ఆ చర్చి ఆడవాళ్ళు పెట్టుకున్న పని. ఎవరికైనా అద్దె ఇల్లు కుదరగానే చర్చి వెనక కొట్టులోంచి మంచాలు, గిన్నెలు, కర్టెన్లు, కప్పులు బయటికి వస్తాయి. అన్నీ జనం ఇచ్చినవే. ఇద్దరు వెళ్ళి గదులు కడిగి, సామాను సర్ది, డబ్బాల్లో ఉప్పూ పంచదారా పోసి, పొయ్యి వెలుగుతుందో లేదో చూసి, తాళంచెవి పాస్టరుగారి చేతికిచ్చి తప్పుకుంటారు. ఇంటివాళ్ళు వచ్చేసరికి అక్కడ ఎవరూ ఉండకూడదు. ఎవరు సర్దారో వాళ్ళకు తెలియకూడదు. ఇది పాత పాస్టరమ్మ పెట్టిన కట్టుబాటు. ఆవిడ ఒకప్పుడు ఒక కుటుంబానికి పరుపులు ఇచ్చింది. ఆ తర్వాత ఆ ఇల్లాలు బజారులో తనను చూసినప్పుడల్లా రోడ్డు దాటి అవతలి పక్కకు వెళ్ళిపోవడం గమనించిందట. అప్పటినుంచీ, ఇచ్చినవాళ్ళు సామానుకు అంటించే పేర్ల చీటీలను కూడా గోటితో గీకి తీసేశాకే ఏ వస్తువైనా కొట్టు దాటుతుంది.

ఈసారి ఇల్లు బేకరీ అమ్మాయికి. పొద్దున్నే బేకరీలో పిండి కలిపే పని ఆమెది. భర్త జబ్బు చేసి పోయాడు. ఆ దుఃఖం తీరకముందే ఉంటున్న ఇల్లు కాలిపోయింది. అత్తగారూ, చిన్న కూతురూ, తనూ చర్చి హాల్లో ఒక మూల తలుపూ గడియా లేకుండా, తాడుకు కర్టెన్లు కట్టుకుని ఉంటున్నారు. అత్తగారికి చూపు దాదాపు లేదు.

ఇస్త్రీ అక్క ఇప్పటికే వాళ్ళకు రెండు ఇళ్ళు అమర్చింది. రెండూ ఆ అమ్మాయి వద్దంది. మొదటి ఇంట్లో గడప దగ్గరే నిలబడి లోపలికి చూసి, "ఎవరో ఇప్పుడే లేచి బయటికెళ్ళినట్టుంది. వాళ్ళు తిరిగొచ్చి లేవమంటే?" అని వెనక్కి తిరిగిందట. రెండోచోట ఆ మాట కూడా అనలేదు. కాసేపు చూసి మెట్లు దిగిపోయింది.

"ఈసారి కూడా కాదంటే నేనేం చేయలేనమ్మా," అన్నారు పాస్టరుగారు. "హాలు పైకప్పు మరమ్మతు మొదలవుతోంది, ఎవర్నీ ఉండనివ్వరు. పెద్దావిడ ఆశ్రమానికి, పిల్ల హాస్టలుకి, ఆ అమ్మాయి బేకరీవాళ్ళు ఇచ్చే గదికి. తలో దిక్కు అయిపోతారు."

ఆ మాట విన్నప్పటినుంచీ ఇస్త్రీ అక్కకు ముద్ద దిగలేదు. తను అమర్చిన ఇంట్లో ఏదో లోటు ఉండబట్టే ఆ అమ్మాయి వెనక్కి తిరిగిందని ఆమెకు అనిపించింది. ఈసారి వంక పెట్టడానికి సందు ఉండకూడదనుకుంది. కిటికీ అద్దాలు లోపలా బయటా తుడిచింది. కప్పుల చెవులన్నీ ఒకే వైపుకు తిప్పింది. పొద్దుటి వెలుగులో పిల్ల చదువుకుంటుందని చిన్న బల్లను గది మధ్యకు జరిపి, వెలుగు ఎక్కడ పడుతుందో చూసి మరీ పెట్టింది.

"ఇస్త్రీ వదినా, గోడల్ని కూడా ఓసారి మడతపెట్టి ఇస్త్రీ చెయ్యకపోయావా," అంది ఆడపడుచు, నడుం మీద చెయ్యి వేసుకుని.

"నీ నోటికి ఇస్త్రీ చేస్తే సరిపోతుంది. ఆ బుట్ట అందుకో, పోదాం."

ఇద్దరూ కిందికి దిగి, సందులో ఆపిన వ్యానులో కూర్చున్నారు. ఆడపడుచు బండి తాళం తిప్పబోతుంటే ఇస్త్రీ అక్క ఉలిక్కిపడింది.

"టీ గిన్నె అడుగున చీటీ తియ్యలేదు."

"ఎవరు చూస్తారొదినా గిన్నె అడుగు?"

"తోమేవాళ్ళు చూస్తారు."

ఒక తాళంచెవి పాస్టరుగారికి ముందే పంపేసింది. తన దగ్గరున్న రెండో తాళంచెవితో మళ్ళీ మెట్లెక్కింది. వాళ్ళు రావడానికి ఇంకా బోలెడు సమయం ఉంది. గిన్నె బోర్లించి చూస్తే ఉండనే ఉంది, బేకరీ ఎదురుగా ఉన్న మందుల కొట్టు వాళ్ళ పేరు. రోజూ ఎదురుపడే మనుషులు. ఒక అంచు గోటితో పైకి లేపిందో లేదో, వీధి తలుపులో తాళం తిరిగిన చప్పుడైంది.

పాస్టరుగారికి ఎక్కడో అంత్యక్రియల కబురు వచ్చి, వాళ్ళను ముందుగానే గేటు దగ్గర దించి వెళ్ళిపోయారు. ఆ సంగతి ఆమెకు తర్వాత తెలిసింది. అప్పటికి తెలిసిందల్లా ఒకటే, బయటికి పోయే దారి ఆ ఒక్క తలుపే. వంటింటి పక్కన తలుపున్న చిన్న సామాన్ల గది ఉంది. గిన్నెతో సహా అందులో దూరి తలుపు దగ్గరగా వేసుకుంది. తలుపు పూర్తిగా పడలేదు. సన్నటి సందులోంచి ముందు గది ఒక చీలికలా కనిపిస్తోంది.

వీధి తలుపు కిర్రుమంటూ తెరుచుకుంది.

"అమ్మా, మంచం," అంది పిల్ల గొంతు, గుసగుసగా.

"చెప్పులు విప్పకు."

ఆ రెండు మాటలకే ఇస్త్రీ అక్క సందుకు కన్ను ఆనించింది. చీలికలోంచి బేకరీ అమ్మాయి కనిపిస్తోంది. గడపకు అవతలే ఉంది. చేతిలో మూట కింద పెట్టలేదు. తళతళలాడే అద్దాలనూ, ఒకే వైపు తిరిగిన కప్పులనూ, ముడత లేని దుప్పటినీ ఒక్కొక్కటే చూస్తోంది. చూసినకొద్దీ ఆమె భుజాలు దగ్గరికి ముడుచుకుంటున్నాయి. ముట్టుకుంటే ఎవరైనా కోప్పడతారేమో అన్నట్టు కూతుర్ని వెనక్కి లాక్కుంది.

తను తుడిచిన ప్రతి అద్దమూ ఆ అమ్మాయిని బయటికి నెడుతోందని ఇస్త్రీ అక్కకు అప్పుడు తెలిసింది. తెలిసి ఏం లాభం? గిన్నె పట్టుకుని చీకట్లో నిలబడింది.

"గాలి బాగా వస్తోందే," అంది అత్తగారు.

"అత్తయ్యా, ఆగండి. చూసి చెప్తాను."

"నువ్వు చూసింది చాల్లే. రెండిళ్ళు చూశావుగా. నాకు కళ్ళెలాగూ లేవు, నడిచే చూస్తాను."

చేతికర్ర టకటకలాడింది. నాలుగడుగులు పడ్డాయో లేదో పెద్ద చప్పుడు.

"అబ్బా, నా మోకాలు. నట్టనడి దారిలో బల్ల పెట్టిన మహాతల్లి ఎవరే? ఆవిడింట్లో ముసలివాళ్ళు లేరు కాబోలు."

సామాన్ల గదిలో మహాతల్లికి చెవులు వేడెక్కాయి.

బేకరీ అమ్మాయి మూట వదిలేసి గడప దాటి పరుగెత్తింది. అత్తగారిని పట్టుకుంది. ఒక చేత్తో బల్లను ఈడ్చింది. నేల మీద బల్ల కాళ్ళు గీరుకున్న చప్పుడుకు ఇస్త్రీ అక్క పళ్ళు పులిశాయి.

"ఇక్కడుంటే తగలదు కదా?"

"ఇంకా జరుపు. ఆఁ, గోడకి. మంచం ఎక్కడేశారు?"

"కిటికీ కింద."

"నాకొద్దు బాబూ కిటికీ కింద. పొద్దున్నే ఎముకలు కొరుకుతాయి. పిల్లను వేద్దాం అక్కడ."

"దానికి దగ్గు కదా అత్తయ్యా."

"వీధి గాలికి దగ్గొస్తుందని ఎవరు చెప్పారు నీకు? నీ మొగుణ్ణి ఆరుబయటే పెంచాను నేను."

"అందుకే ఆయన ఏడాదంతా ముక్కు చీదుతూ ఉండేవారు."

ఆ మాటకు ముసలావిడ కిసుక్కున నవ్వింది. "చీదేవాడు పాపం," అంది. కోడలు కూడా నవ్వింది. ఆ నవ్వు మొదట్లో నవ్వులాగా లేదు. పాడుబడ్డ పంపులోంచి నీళ్ళొచ్చే ముందు వచ్చే గరగర చప్పుడులా ఉంది. తర్వాత ధార కట్టింది.

ఆ పైన వాళ్ళకు పట్టపగ్గాల్లేవు. మంచాలు ఒక గోడనుంచి ఇంకో గోడకు, మళ్ళీ మొదటి గోడకు జరిగాయి. పిల్ల చెప్పులు ఎప్పుడు విప్పిందో, వాటిలో ఒకటి ఎగిరి వచ్చి చీలిక ముందు బోర్లాపడింది. పంచదార డబ్బా కింది అరలోకి పోయింది, ఉప్పు పైకి వచ్చింది. కప్పులు ఒకదానిలో ఒకటి దూరాయి. తను అంత పద్ధతిగా పెట్టిన వస్తువు ఒక్కొక్కటీ కదిలినప్పుడల్లా ఇస్త్రీ అక్కకు ముందు ఒళ్ళు మండింది. అలా కాదు, అది అక్కడ కాదు అని నాలుక చివరిదాకా వచ్చింది.

అయితే వాళ్ళ గొంతులు మారుతున్నాయి. హాల్లో కర్టెన్ల వెనక, పక్కవాళ్ళు వింటారని గుసగుసల్లోనే బతికిన ముగ్గురు. గుసగుస మామూలు మాటయింది. మాట వాదన అయింది. వాదన కేకలయింది. "అత్తయ్యా, ఒక్క క్షణం ఊరుకుంటారా మీరు" అని కోడలు గొంతెత్తి అరిచింది. "ఊరుకోనే, నా ఇష్టం" అని అత్తగారు అంతకు రెట్టింపు గొంతుతో అరిచింది. పిల్ల మంచం మీద ఎగురుతోంది.

ఇస్త్రీ అక్క ఎప్పుడో ఆడపడుచు పురుటికి ఆసుపత్రి వరండాలో, మూసిన తలుపుకు ఇవతల నిలబడి ఇలాగే విన్నది. లోపల ఏం జరుగుతోందో కనబడదు. అరుపులు, ఇనుప చప్పుళ్ళు, ఎవరివో కోపపు మాటలు. ఉన్నట్టుండి అంతవరకూ లోకంలో లేని ఒక గొంతు. ఆ రోజు ఏమీ చేయకుండా గోడకు ఆనుకుని నిలబడిపోయింది. ఇవాళా అంతే. ఊపిరి గట్టిగా తీస్తే ఆ పుట్టేది ఆగిపోతుందేమోనని భయం.

"టీ నీళ్ళు పడెయ్యవే, గొంతెండిపోయింది," అంది ముసలావిడ.

"పొయ్యి వెలిగింది. టీ గిన్నే లేదు. అన్నీ పెట్టి గిన్నె మర్చిపోయారు."

"ఆ పక్క గదిలో చూడు."

ఇస్త్రీ అక్క గోడలోకి చొచ్చుకుపోవాలని చూసింది. గోడ ఒప్పుకోలేదు. తలుపు తెరుచుకుంది.

ఇద్దరూ ఎదురెదురుగా నిలబడ్డారు. ఒకరి జుట్టు చెదిరి, ముఖమంతా చెమట. ఇంకొకరు గిన్నెను గుండెలకు హత్తుకుని, గోటికి సగం చిరిగిన చీటీతో. ఇంటి యజమాని తాలూకు మనిషినని చెప్పవచ్చు, కుళాయి చూడ్డానికి వచ్చానని చెప్పవచ్చు. ఆ లోపే బేకరీ అమ్మాయి గిన్నెను చూసింది, గోటినీ చీటీనీ చూసింది. అర్థమైపోయింది. ఆమె ముఖంలో నవ్వు ఆరిపోవడం ఇస్త్రీ అక్క కళ్ళారా చూసింది. ఇక తల వంగుతుంది. ఆ తర్వాత మూట, మెట్లు, తలో దిక్కు. తనొక్కతి ఒక చీటీ కోసం వెనక్కి వచ్చినందుకు.

ఆ అమ్మాయి ఓసారి వెనక్కి తిరిగి గదిని చూసింది. అడ్డంగా ఉన్న మంచం, నేల మీద దుప్పటి, బోర్లాపడ్డ చెప్పు. చెయ్యి పైకెత్తి జుట్టు చెవి వెనక్కి తోసుకుంది. మళ్ళీ ఇటు తిరిగింది. తల వంగలేదు.

"ఇల్లంతా పీకి పందిరేసి ఉంది," అంది. "ఏమీ అనుకోకండి. రండి, కూర్చోండి."

"ఎవరే అది?" అంది అత్తగారు.

"చుట్టాలొచ్చారు అత్తయ్యా."

"సామాన్ల గదిలోంచా?"

"ఆఁ."

ముసలావిడ చేతికర్రను గోడకు ఆనించింది. "మంచిది. ముందు ఆవిడ చేతిలో గిన్నేదైనా ఉంటే తీసుకో."

ఇస్త్రీ అక్క తనే తుడిచి పెట్టిన కుర్చీలో చుట్టంలా అంచున కూర్చుంది. కప్పులు అందిద్దామని లేవబోతే, "మీరు కూర్చోండి" అంది బేకరీ అమ్మాయి. లేచినా లాభం లేకపోయేది. ఏ వస్తువు ఎక్కడుందో ఆమెకు ఒక్కటీ తెలియదు. పాలు లేని టీ వచ్చింది, పంచదార దండిగా వేసి. రెండు చేతులా అందుకుంది. చర్చిలో ప్రార్థన వేళ కూడా ఆమె చేతులు అంత జాగ్రత్తగా ఉండవు.

"ఏం చేస్తుంటావమ్మా?" అంది ముసలావిడ.

"ఇంట్లోనే ఉంటానండీ."

"అంటే చాకిరీ అంతా నీదేనన్నమాట. చూడు, ఆ బల్ల ఇప్పుడు కుదిరిందా?"

"ఇప్పుడే కుదిరిందండీ."

"ఇందాక పెట్టినావిడకి బుద్ధి లేదు."

"లేదండీ," అంది ఇస్త్రీ అక్క.

బేకరీ అమ్మాయి కప్పు వెనక నవ్వు దాచుకుంది. కృతజ్ఞత మాట ఒక్కటీ ఎత్తలేదు. టీ ఇంకొంచెం పొయ్యనా అని మాత్రం అడిగింది. వద్దంటే ఊరుకోలేదు, పోసింది.

సెలవు తీసుకుని లేస్తే తలుపు దాకా వచ్చింది. "వీలు చూసుకుని వస్తూ ఉండండి," అంది, ఇంటి ఇల్లాళ్ళందరూ అనే మాటే. తలుపు పడింది. లోపల గడియ పడిన చప్పుడు.

ఇస్త్రీ అక్క రెండు మెట్లు దిగి ఆగింది. వెనక గడియ మళ్ళీ తీసిన చప్పుడైంది. ఎవరో బయటికి వస్తున్నారనుకుని తిరిగి చూసింది. తలుపు తెరుచుకోలేదు. గడియ పడింది. మళ్ళీ తీశారు, మళ్ళీ వేశారు. "ఇప్పుడు నేను, నేను" అని పిల్ల గొంతు. "మెల్లగా, చెయ్యి నలుగుతుంది" అని తల్లి గొంతు. "నా చేతికీ అందనివ్వండే" అని ముసలావిడ గొంతు.

కింద ఆడపడుచు ఆగకుండా హారను కొడుతోంది. ఇస్త్రీ అక్క దుమ్ము మెట్టు మీద అలాగే కూర్చుండిపోయి, లోపల గడియ పడటం, లేవడం వింటోంది.