గిల్‌ఫిలన్ లిఫ్టులో ఎల్స్పెత్ గొంతు

డండీ ఊళ్ళో గిల్‌ఫిలన్ కొట్టు ఐదు అంతస్తులది. పందొమ్మిదేళ్ళు నేనక్కడ చేతి తొడుగులు అమ్మాను. చివరికి కొట్టే చేతులెత్తేసింది. కొన్నవాళ్ళు ముందు గోడ ఒక్కటీ ఉంచి, లోపలంతా తోడేసి అద్దెలకిచ్చారు. ఇప్పుడు అంతస్తు ఉన్నవాళ్ళకే అంతస్తు.

ఎల్స్పెత్ ముప్ఫై ఒక్కేళ్ళు అక్కడ లిఫ్టు నడిపింది. తలుపు తెరుచుకోగానే ఆ అంతస్తులో ఏమేం అమ్ముతారో రాగం తీసి చెప్పేది. లేని సరుకు చెప్పడం మా కొట్టులో మహాపాపం. కొత్త లిఫ్టులో పలకడానికి ఆమె గొంతే రికార్డు చేసి పెడతామని, ఇప్పటి భవనం మేనేజరు రూరీ కబురంపాడు. తాను పోయినా తన గొంతు ఆ లిఫ్టులో ఎక్కుతూ దిగుతూ ఉండాలని ఆమెకి ఒకటే ఆశ. పెళ్ళిళ్ళకి వేసుకునే కోటు తొడుక్కుని, తోడుకి నన్ను లాక్కెళ్ళింది.

రూరీ చదవమని ఒక కాగితం ఇచ్చాడు. 'మీ ప్రయాణానికి స్వాగతం' అని ఉంది. సరుకు చూడందే లిఫ్టు మనిషి నోరు తెరవదని చెప్పి, ముందు అన్నీ చూపించమంది ఎల్స్పెత్.

రెండో అంతస్తులో ఒకప్పుడు పట్టు అమ్మేవాళ్ళం. ఇప్పుడక్కడ జిమ్ములో, పరుగు యంత్రాల మీద జనానికి పిక్కలు పట్టేస్తున్నాయి. ఆ చెమట కంపుకి నేను చేతిరుమాలు ముక్కుకి పెట్టుకున్నాను. మూడో అంతస్తులో, పిల్లల బూట్లు ఉండే చోట, ఊదారంగు దీపాల కింద పెద్దవాళ్ళు ధ్యానమంటూ ఉత్తకాళ్ళతో కళ్ళు మూసుకుని పడున్నారు.

"ఇక్కడేం అమ్ముతారు బాబూ?" అంది ఎల్స్పెత్.

"అనుభవం అండీ."

"గజమెంత?"

రూరీ నవ్వి, రికార్డు చెయ్యడానికి ఫోను ఆమె నోటి దగ్గర పెట్టాడు. ఎల్స్పెత్ గొంతు సవరించుకుని పాత రాగమే ఎత్తుకుంది.

"రెండో అంతస్తు: ఎక్కడికీ పోని పరుగు, తడి తువ్వాళ్ళు. మూడో అంతస్తు: ఏమీ లేదు, బూట్లు విప్పి రండి."

వాడికి ఒళ్ళు మండుతుందనుకున్నాను. చప్పట్లు కొట్టాడు. ఈ వెటకారమే తమకి కావలసిందట, కాఫీ కప్పుల మీద కూడా అచ్చేయిస్తారట.

ఎల్స్పెత్ మొహం చేదు మింగినట్టు అయిపోయింది.

"వెటకారం కాదు నాయనా. ఉన్న సరుకు చెప్పాను. చెరిపెయ్యి."

ఆమె గొంతు ఇక్కడ ఎప్పటికీ ఉండిపోతుందని వాడు బతిమాలాడు.

"ఇక్కడా? తలుచుకుంటేనే కంపరంగా ఉంది."

చెరిపేదాకా కదల్లేదు. ఆ తర్వాత వాడు లిఫ్టు తలుపు పట్టుకుని నిలబడ్డా అటు చూడకుండా మెట్ల వైపు నడిచింది. మూడంతస్తుల మెట్లూ దిగింది గానీ, ఒక్క మెట్టు దిగలేదు.

వీధిలోకి రాగానే నా చేతిరుమాలు అడిగి, పైకి వెళ్ళేటప్పుడు లిఫ్టు మీట నొక్కిన వేలు గట్టిగా తుడుచుకుంది. రుమాలు తిరిగి ఇవ్వలేదు, చెత్తబుట్టలో వేసింది.