టక్ టక్ బీరువా

పప్పుకు తాలింపు వేస్తుంటే టక్ టక్ మని రెండుసార్లు వినిపించింది నీలవేణికి. పట్టించుకోలేదు. మూడేళ్ల బుజ్జిగాడు రోజంతా ఏదో ఒకటి కొడుతూనే ఉంటాడు. కరివేపాకు వేశాకగాని ఆ చప్పుడు ఏ తలుపుదో తట్టలేదు. గరిట వదిలేసి బాత్రూం వైపు పరిగెత్తింది.

నడుమెత్తు జాలీ బీరువా అది. రాయగడలోని ఆ ఇంట్లో ముప్పై ఏళ్లు వంటగదిలోనే ఉంది. అత్తగారు కామేశ్వరమ్మ అందులో నువ్వుండలు దాచేది. బల్లులుంటే పోతాయని తలుపు రెండుసార్లు తట్టి మరీ తీసేది. మనవడికీ అదే నేర్పింది. కిందటి నెల బాత్రూం కట్టించినప్పుడు నీలవేణి భర్త గౌరీశంకర్ ఆ బీరువా పైపలకను వడ్రంగి చేత గుండ్రంగా కోయించి, వాష్‌బేసిన్ దింపించాడు.

“తిండి పెట్టిన బీరువాని బాత్రూంలో పెడతావేట్రా?” అని తల్లి దెప్పినా వినలేదు.

అరల్లో సబ్బులూ పళ్లపొడీ సర్దింది నీలవేణే. అడుగున, పాత కూల్‌డ్రింకు సీసాలో తెచ్చిన యాసిడ్ పెట్టిందీ తనే.

వెళ్లి చూసేసరికి సీసా తూము దగ్గర దొర్లి ఉంది. సిమెంటు గచ్చు మీద నురగ బుసబుసమంటోంది. గోడకు ఆనుకుని బుజ్జిగాడు. వాడి మూతంతా ఎరుపు, గడ్డం మీదుగా కారుతోంది.

“ఓలమ్మో, నెత్తురు! అత్తా, యాసిడ్ తాగీసినాడు!”

కామేశ్వరమ్మ చెంబుతో పరిగెత్తుకొచ్చింది. “ఉప్పునీల్లు పట్టవే అమ్మీ, కక్కీసినాడంటే పోద్ది!”

చెంబు వాడి నోటిదాకా వచ్చింది. అంతలో నీలవేణి చూపు గచ్చు మీద పడింది. నురగ పారినంత మేరా సిమెంటు తెల్లగా తినేసి ఉంది.

“వద్దత్తా! దిగినప్పుడు కాల్సింది, పైకొచ్చినప్పుడు మల్లీ కాల్సదా?”

ఏడో తరగతితో బడి మానేసిన పిల్ల. అత్తగారి మాట కాదనడం అదే మొదలు. కొడుకుని చంకనేసుకుని రోడ్డెక్కింది. ఆటోలో ప్రతి గతుకుకీ “నొప్పా నాన్నా? ఏదీ, నోరు తెరువు” అని అడుగుతూనే ఉంది. తల్లి ఏడుపు చూసి వాడు పెదాలు మరింత బిగించాడు. నాలుక కాలి అతుక్కుపోయిందనుకుంది. ఇంక ఈ నోట అమ్మా అన్న మాట రాదనుకుంది.

డాక్టరు చెంచాతో నోరు తెరిపించి, టార్చి వేసి చూశాడు. దూదితో ఎరుపు తుడిచి వాసన చూశాడు.

“కిచ్ఛి నాహిఁ,” అని ఒడియాలో అంటూ నవ్వాడు. “ఏం కాలేదమ్మా. ఎర్ర పళ్లపొడి తిన్నాడు. తియ్యగా ఉంటుంది కదా!”

నీలవేణి కొంగుతో వాడి గడ్డం తుడిచింది.

“తీపున్న సోటే ఎతుక్కున్నాడు నా తండ్రి,” అంది వెనకే వచ్చిన కామేశ్వరమ్మ, కళ్లొత్తుకుంటూ. “సీసా కాలు తగిలి పడుంటాది.”

పొద్దున్న గచ్చు కడిగాక ఆ మూత సరిగ్గా బిగించనిది తనేనని నీలవేణి చెప్పలేకపోయింది.

ఇంటికి రాగానే అరలన్నీ ఖాళీ చేసింది. సీసా అటకెక్కించింది. అయినా మర్నాడు పొద్దున్నే టక్ టక్. లోపల ఏమీ లేదని తెలుసు. తెలిసీ పరిగెత్తింది. బుజ్జిగాడు బీరువాలో తలదూర్చి అంటున్నాడు, “మామ్మా, ఉండ నేదు!”

నీలవేణి స్క్రూడ్రైవర్ తెచ్చి మడతబందులు ఊడదీయడం మొదలెట్టింది.

“ఏటే, తలుపుల్లేకుండా అందంగుంటాదా?” అన్నాడు గౌరీశంకర్, పళ్లు తోముకుంటూ.

“ఉండక్కర్లేదు,” అంది ఆమె. “తలుపుంటే గదా ఆడు తట్టడానికి.”