మాష్టారి తరఫున

శ్రీరాములు మాష్టారికి డబ్బు అడగడం చేతకాదు. పలివెల హైస్కూల్లో డ్రాయింగ్ మాష్టారుగా చేసి రిటైరయ్యారు. ఉద్యోగంలో ఉండగానే మేజిక్ నేర్చుకుని, కోనసీమలో ఏ స్కూలు వార్షికోత్సవానికి పిలిచినా వెళ్లేవారు. ఎంత ఇస్తే అంత పుచ్చుకునేవారు. ఒక్క శాలువా కప్పి పంపించినా నవ్వుతూనే వచ్చేసేవారు. అందుకే బంగారరాజు గారితో జీతం సంగతి మాట్లాడాల్సి వచ్చినప్పుడు, తన తరఫున రత్నమాలను వెళ్లమన్నారు.

బంగారరాజు గారిది కొత్తపేట నుంచి రావులపాలెం వెళ్లే దారిలో కాలవ పక్కన కొబ్బరితోట. రెండువేల మూడులో ఆయన తోటలో ఓ మూల చదును చేయించి, తాటాకు పాకలు వేయించి, చెట్లకి రంగు బల్బులు చుట్టించి గార్డెన్ రెస్టారెంటు తెరిచారు. ఆదివారం సాయంత్రాలు అమలాపురం నుంచి కూడా కుటుంబాలు వచ్చేవి. ఫ్రైడ్ రైసు వచ్చేదాకా పిల్లలు పేచీ పెట్టకుండా ఉంటారని మాష్టారి చేత మేజిక్ చేయించడం మొదలుపెట్టారు. వారానికి నూటయాభై రూపాయలు, పైన భోజనం. రత్నమాల ఆయనకు సహాయకురాలు. ఆమెకు విడిగా ఏమీ లేదు. ఆ మాట ఎవరూ ఎత్తలేదు కూడా.

రత్నమాల కొత్తపేటలో ఓ ప్రైవేటు స్కూల్లో టీచరు. భర్త వెంకటకృష్ణకు బస్టాండు దగ్గర జిరాక్సు షాపుంది. ఇంట్లో తిండికీ బట్టకీ లోటు లేదు. కొన్నేళ్ల కిందట బాలల దినోత్సవానికి మాష్టారు ఆ స్కూలుకి వచ్చినప్పుడు, రుమాలు పట్టుకోమని ఆమెను స్టేజీ మీదికి పిలిచారు. పట్టుకున్న తీరు చూసి, నేర్చుకుంటావా అని అడిగారు. అప్పట్నుంచి సెలవు రోజుల్లో వాళ్లింటికి వెళ్లి నేర్చుకుంది. తాడు కోసి అతికించడం, కొబ్బరి చిప్పలోంచి రుమాళ్లు తీయడం, నాణేలు మాయం చేయడం అన్నీ ఆయన నేర్పినవే.

ఆ సంక్రాంతి వెళ్లాక ఓ రోజు ప్రాక్టీసు చేస్తుండగా మాష్టారి వేళ్ల మధ్య నుంచి నాణెం జారింది. తీసి మళ్లీ పట్టుకుంటే మళ్లీ జారింది. ఆయన కుడిచెయ్యి ఒళ్లో పెట్టుకుని చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నారు.

"మా నాన్నకీ ఇలాగే మొదలైందమ్మా," అన్నారు. "ఆఖరికి గ్లాసు పట్టుకోలేకపోయేరు. ఆయనకి చాకిరీ చేసింది మీ పిన్నిగారే. ఆవిడకి తెలియనివ్వకు."

రత్నమాల మాటిచ్చింది. ఆ రోజు నుంచి ఐటం మార్చుకున్నారు. మాష్టారు జనాన్ని మాటల్లో పెట్టేవారు. రుమాలు పట్టుకున్న రత్నమాల దాని చాటున పనంతా చేసేది. చప్పట్లు మాష్టారికి పడేవి. అందులో ఆమెకు కష్టం ఏమీ తోచలేదు. కనీసం మొదట్లో తోచలేదు.

బంగారరాజు గారితో మాట్లాడింది ఒక మధ్యాహ్నం. ఆయన పాకలో కూర్చుని గ్యాసు బండలు దింపిస్తున్నారు. రత్నమాలకు కుర్చీ వేయించి బొండం కొట్టించారు. రోజూ పెద్దమనుషుల మధ్య మెలిగే మనిషి, మర్యాద తెలిసినవాడు. మాష్టారి సంగతి చెప్పడం ఆమెకు కష్టం కాలేదు. ఆటో ఖర్చులు పెరిగాయనీ, మూడు వందలైనా చేస్తే బాగుంటుందనీ అంది. ఆయన కాసేపు లెక్క వేసుకుని, రెండు వందల యాభై ఇస్తానన్నారు. అది మాష్టారు ఆశించిన దానికంటే ఎక్కువే. వచ్చిన పని అయిపోయింది. బొండం తాగేసి లేచి వచ్చేస్తే సరిపోయేది.

లేవకుండా, "మరి నా సంగతేంటండి?" అంది.

"మీదేముందండి టీచరు గారూ," అన్నారాయన, వెటకారమేమీ లేకుండా. "గుడ్డ పట్టుకుంటారు గదా. మా కుర్రాళ్లనెవర్నైనా నించోబెడతాను కావాలంటే."

ఆ మాట ఆమెకు గుచ్చుకుంది. ఇన్ని వారాలుగా రుమాలు చాటున తన వేళ్లు పడ్డ పాటు ఒక్కసారిగా గుర్తొచ్చింది. అనాలని అనుకోకముందే అనేసింది.

"నాణేల ఐటం చేసేది నేనేనండి. మాష్టారి చెయ్యి వణుకుతోంది. నేను లేకపోతే ఆ షో నడవదు."

బంగారరాజు గారు గ్యాసు బండల వైపు నుంచి ముఖం ఇటు తిప్పారు. ఎప్పట్నుంచి అని అడిగారు. మెల్లగా, నిజంగా జాలిపడుతూనే అడిగారు. ఆమె చెప్పింది. ఆయన బండలు దింపేవాళ్లని ఆగమని చెయ్యి ఊపారు.

"అయితే పెద్దాయన్ని కష్టపెట్టడం ఎందుకండి? మీరే చెయ్యండి. లేడీ మెజీషియన్ అంటే జనం ఇంకా వస్తారు. మీరడిగిన మూడొందలూ మీకే ఇస్తాను. మాష్టారితో నేను మాట్లాడమంటారా?"

"వద్దండి," అంది రత్నమాల. "నేనే చెప్తాను."

ఆయనకు అది ఒప్పుకోలుగానే వినబడింది. ఆటోలో ఇంటికి వస్తుంటే ఆమెకూ అలాగే వినబడింది. కాదని చెప్పడానికి వెనక్కి తిరగలేదు.

మాష్టారికి మాత్రం వేరేలా చెప్పింది. ఇద్దరికీ ఇవ్వలేనంటున్నారనీ, కొత్తగా ఉంటుందని లేడీ మెజీషియన్ కావాలంటున్నారనీ అంది. మాష్టారు తల వంచుకుని విన్నారు. "ఆయ్, మంచిదే గదమ్మా. రాజు గారి వ్యాపారం ఆయనది," అన్నారు. లోపలికి వెళ్లి తన సామాను పెట్టె తెచ్చి ఆమె ముందు పెట్టారు. ఏ ఐటంకి ముందు ఏ మాట చెప్పి జనాన్ని నవ్వించాలో ఆ సాయంత్రమే నేర్పడం మొదలుపెట్టారు. రత్నమాల ఆయన ముఖం చూడలేక, పెట్టెలో తాళ్లు సర్దుతూ కూర్చుంది.

షో బాగా నడిచింది. బంగారరాజు గారు రోడ్డు మీద ఆమె బొమ్మతో బోర్డు పెట్టించారు. స్కూల్లో పిల్లలు ఆమెను చూసి గర్వపడ్డారు. వెంకటకృష్ణ ఆ ఫోటో జిరాక్సు షాపులో తగిలించాడు. మొదటి నెల డబ్బుతో రత్నమాల మాష్టారి భార్య వరహాలమ్మ గారికి వెంకటగిరి చీర కొనిపెట్టింది. ఎందుకమ్మా ఇంత ఖరీదుది అని ఆవిడ మురిసిపోతే, తెచ్చినందుకు ఇంకా సిగ్గుపడింది. మాష్టారు ప్రతిసారీ అడిగేవారు, ఏ ఐటంకి ఎలా నవ్వారు, ఎక్కడ తడబడ్డావు అని. ఆమె చెబుతుంటే పిల్లాడిలా వినేవారు. నిజం చెప్పేద్దామని అనుకుంటూనే, వరహాలమ్మ గారు కాఫీ తెచ్చేసరికి మాట మార్చేసేది.

దసరా సెలవుల్లో ఓ ఆదివారం మాష్టారూ వరహాలమ్మ గారూ చెప్పకుండా రెస్టారెంటుకి వచ్చారు. తాడు ఐటం చేస్తూ రత్నమాల వాళ్లను చూసింది. స్టేజీకి దగ్గరగా కూర్చున్నారు. వరహాలమ్మ గారు ఆ వెంకటగిరి చీరే కట్టుకున్నారు. రత్నమాల చేతులు వాటంతటవే పని చేసుకుపోతున్నాయి గానీ కళ్లు అటే ఉన్నాయి. బంగారరాజు గారు వాళ్ల టేబులు దగ్గరికి వచ్చి, వంగి, ఆప్యాయంగా ఏదో అడిగారు. మాష్టారు ముక్తసరిగా జవాబు చెప్పారు. వరహాలమ్మ గారు చప్పున తల తిప్పి భర్త కుడిచేతి వైపు చూశారు. ఆయన దాన్ని బల్ల కిందకి తీసేసుకున్నారు.

షో అయ్యాక రత్నమాల వెళ్లేసరికి వాళ్లు లేచి నిలబడ్డారు. "బాగా చేసేవమ్మా," అన్నారు మాష్టారు. ఆటో దాకా వరహాలమ్మ గారు ఆయన చెయ్యి పట్టుకునే నడిచారు.

ఏం అడిగారని రత్నమాల బంగారరాజు గారిని అడిగితే ఆయన నొచ్చుకున్నారు. "చెయ్యెలా ఉందండీ, మీ టీచరు గారు చెప్పేరు అన్నానండి. మందులేమైనా వాడుతున్నారా అన్నాను, అంతే. పాపం ఆవిడకి తెలీదల్లే ఉంది."

తర్వాత రత్నమాల మాష్టారింటి గడప తొక్కలేకపోయింది. దసరా సెలవులు అయిపోయాక ఓ మధ్యాహ్నం వరహాలమ్మ గారే స్కూలుకి వచ్చారు. చేతిలో స్టీలు డబ్బా ఉంది. కాకినాడ తీసుకెళ్లి నరాల డాక్టరుకి చూపించామని చెప్పారు. మామగారికి వచ్చిందే ఈయనకీ వచ్చిందట. పూర్తిగా తగ్గేది కాదు గానీ, మందులతో చాలాకాలం నెట్టుకు రావచ్చన్నారట. ఇంకా ఆలస్యం చేస్తే కష్టమయ్యేదన్నారట.

"ఆ మనిషి చచ్చినా చెప్పేవారు కాదు. నువ్వు రాజు గారితో అనబట్టి బయటపడింది," అంటూ వరహాలమ్మ గారు కళ్లు తుడుచుకున్నారు. డబ్బాలో జున్ను తెచ్చారు. రత్నమాల వద్దనలేక పుచ్చుకుంది. తాను అందుకు చెప్పలేదని అనబోయింది గానీ బెల్లు కొట్టేశారు. పిల్లలు అరుస్తూ క్లాసుల్లోకి పరుగెత్తారు. ఆవిడ వెళ్లిపోయారు.

జున్ను ఇంటికి పట్టుకెళ్లింది. వెంకటకృష్ణ ఇష్టంగా తిన్నాడు. ఆమె ముట్టుకోలేదు.

ఆ సాయంత్రమే మాష్టారి ఇంటికి వెళ్లింది. వరహాలమ్మ గారు గుడికి వెళ్లారు. మాష్టారు వీధి గదిలో ఒక్కరే ఉన్నారు. రత్నమాల నిలబడే మొత్తం చెప్పింది. మాష్టారి జీతం పెంచడానికి రాజు గారు ముందే ఒప్పుకున్నారనీ, తన జీతం కోసం తానే చెయ్యి సంగతి చెప్పేశాననీ, తరవాత మాష్టారితో అబద్ధం ఆడాననీ ఒక్కటీ దాచకుండా చెప్పింది.

మాష్టారు ఒక్కటే అడిగారు.

"రెండొందల యాభైకి ఒప్పుకున్నారా? నేను చెయ్యడానికే?"

"అవునండి."

"అంటే అప్పటికి నేను పనికొస్తాననే అనుకుంటున్నారు," అన్నారు. "ఇన్నాళ్లూ రాజు గారే నన్ను వద్దనుకున్నారని ఆయన మీద మనసులో పెట్టుకున్నాను. మొన్న ఆయన పలకరిస్తే సరిగ్గా మాట్లాడను కూడా లేదు."

రత్నమాల షో మానేస్తానంది. మానితే తనకేం ఒరుగుతుందని ఆయన అడిగారు. కోపంగా అడగలేదు. నిజంగానే తెలుసుకుందామన్నట్టు అడిగారు.

తర్వాతి ఆదివారం ఆమె షోకి ముందే వెళ్లి బంగారరాజు గారిని కలిసింది. ఈసారి గట్టిగా బేరమాడాలని దారంతా మాటలు కూర్చుకుంది. మాష్టారు స్టేజీ మీద కుర్చీలో కూర్చుని మాటలు చెబుతారు, తాను చేతులతో చేస్తుంది, ఇచ్చే డబ్బు పెంచనక్కర్లేదు, తన వాటా సగం చేసి ఆయనకివ్వండి అని చెప్పింది. కాదంటే తానూ రానని చెప్పడానికి సిద్ధపడి వెళ్లింది.

ఆయన వెంటనే ఒప్పుకున్నారు. "సగమెందుకండి, ఆయనకి వేరే ఇస్తాను. ఆ మాటలకే గదండీ జనం నవ్వేది. ఈ మాట అప్పుడే అంటే సరిపోయేది గదా," అన్నారు.

ఆ రోజు ఈ పాకలోనే, ఇదే కుర్చీలో కూర్చుని రత్నమాల ఈ మాట అడగగలిగేదే. అడగాలన్న ఆలోచనే రాలేదు. అప్పుడు ఆమె తన తరఫున మాత్రమే మాట్లాడింది.

కబురు విని మాష్టారు రానన్నారు. "చెయ్యి సంగతి అందరికీ తెలిసిపోయింది. ఇప్పుడు కుర్చీలో కూర్చుంటే నా మాటలు ఎవరు వింటారమ్మా? చేతినే చూస్తారు." ఎంత బతిమాలినా ఆ మాట మీదే ఉన్నారు.

గేటు దాకా వచ్చిన వరహాలమ్మ గారితో, పిన్నిగారూ, నేను మంచికోసం చెప్పలేదండి అని రత్నమాల అంది. ఆవిడ గేటు గడియ మీద చెయ్యి వేసి ఆగారు.

"తెలుసమ్మా, ఆయన చెప్పేరు. కోపం రాలేదని చెప్పను. మందు మాత్రం వేళకి పడింది. రెండూ నీ వల్లే," అన్నారు. గడియ తీసి, "మళ్లీ మంగళవారం కాకినాడ వెళ్లాలి. ఆ ఆసుపత్రిలో ఏ కాగితం ఎక్కడివ్వాలో నాకు తెలీటం లేదు. సెలవు దొరికితే రా," అన్నారు.

రత్నమాల సెలవు పెట్టింది. బస్సులో మాష్టారు కిటికీ పక్కన, వరహాలమ్మ గారు ఆయన పక్కన కూర్చున్నారు. రత్నమాల వెనక సీట్లో కూర్చుంది. మండపేటలో మిల్లుల దగ్గర ధాన్యం లారీలు రోడ్డుకి అడ్డంగా నిలిచిపోయి బస్సు ఆగిపోయింది. మందు వేళయింది. మాష్టారు జేబులోంచి మాత్రల అట్ట తీసి, బొటనవేలితో నొక్కి చూశారు. మాత్ర ఊడి రాలేదు. మళ్లీ నొక్కారు. వెనక నుంచి రత్నమాల చెయ్యి చాపింది. ఆయన ఆ చెయ్యి చూశారు. చూసి, అట్టని భార్యకు అందించారు.

వరహాలమ్మ గారు కళ్లజోడు తెచ్చుకోలేదు. దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, వెనక్కి రత్నమాలకిచ్చారు. రత్నమాల ఒక మాత్ర తీసి, నీళ్ల సీసా మూత విప్పి, రెండూ ముందుకి అందించింది. మాష్టారు ఆమె వైపు తిరగలేదు. మాత్ర మాత్రం పుచ్చుకుని వేసుకున్నారు.