పదకొండడుగుల దూరం

ఎదురుగా అందరూ ఆయమ్మా అనే పిలిచేవాళ్ళు. వెనకాల మాత్రం ఆవిడ పేరు సుడిగాలి. పొద్దున్న ఆరింటికి ఆ వృద్ధుల హోమ్‌లో అడుగుపెట్టిందంటే, ఎనిమిదయ్యేసరికి ఎనిమిది మందికి మొహాలు కడిగి, ఒళ్ళు తుడిచి, బట్టలు మార్చి, తలలు దువ్వి, కిటికీ వైపు వరసగా కూర్చోబెట్టేసేది. ఎవరైనా తమంతట తామే చొక్కా తొడుక్కోబోతే "మీరుండండి, నేనున్నానుగా" అని చేతిలోంచి లాక్కునేది. పంతొమ్మిదేళ్ళుగా ఇదే వరస. ఈ మధ్యలో ఆవిడ మోకాళ్ళు అరిగాయి, నడుం పట్టేసింది, కుడిభుజం చెప్పిన మాట వినడం మానేసింది. ఇంటికెళ్ళాక చెప్పులు విప్పుకోవడానికి కూడా ఓపిక ఉండేది కాదు. అయినా వేగం తగ్గించలేదు. ఆ వేగమే తన మంచితనమని ఆవిడ నమ్మకం. నమ్మకమేమిటి, గర్వం. ఉన్నమాట చెప్పుకుంటే పోయేదేముంది.

ఆవిడకి సెలవైన రోజుల్లో ఇంకో ఆయా వచ్చేది. ఆ మనిషికి నిదానం అని పేరు పెట్టింది సుడిగాలే. తలుపు పక్కన స్టూలు వేసుకుని, ఫోను చూసుకుంటూ, నిమ్మకు నీరెత్తినట్టు కూర్చునేది. పిలిస్తే "ఆఁ, వస్తున్నా" అనేది. ఆ రావడం ఎప్పటికో. సుడిగాలి సెలవు నుంచి తిరిగొచ్చేసరికి ఒకరి చొక్కా బొత్తాలు ఎగుడుదిగుడు, ఇంకొకరి పాపిడి వంకర. అవన్నీ సరిచేస్తూ మధ్యాహ్నం దాకా గొణుక్కునేది.

మూడు నెలల కిందట కొత్త సిస్టర్ వచ్చింది. ముప్పై ఏళ్ళు నిండని పిల్ల. వస్తూనే మంచాల ఎత్తు తగ్గించింది, జారే చెప్పులు తీయించి పట్టు ఉన్న బూట్లు తొడిగించింది, పట్టుకు నడవడానికి గోడలకి కమ్మీలు బిగించింది. అంతవరకు బాగానే ఉంది. ఆ తరవాత ప్రతి మంచానికీ ఒక కాగితం తగిలించింది. ఆ మంచం మనిషి లేవడం, నడవడం, కడుక్కోవడం, తినడం సొంతంగా చేశారా, ఒకరి సాయంతో చేశారా అన్నది ఏ రోజుకారోజు ఆయాలే టిక్కు పెట్టాలి. "పని చెయ్యాలా, పరీక్ష రాయాలా" అని సుడిగాలి విసుక్కుంది గానీ, టిక్కులు మాత్రం నిజాయితీగానే పెట్టింది.

నెల తిరిగాక సిస్టర్ ఆవిడని తన గదిలోకి పిలిచి, ఆ కాగితాలు బల్లమీద పరిచింది.

"ఆయమ్మా, ఇవి మీరున్న రోజులు. అన్నీ సాయంతోనే. ఇవి ఆవిడున్న రోజులు. సగం పైన సొంతంగా."

సుడిగాలికి తల కొట్టేసినట్టయింది. "అది చూడకుండానే టిక్కులు కొట్టేస్తుంది సిస్టర్. దాని మాటా మీరు నమ్మేది?"

"నేను నిలబడి చూశాను. పిలిస్తే ఆవిడ రాదు. ఎంతసేపని చూస్తారు? వాళ్ళే లేస్తున్నారు, వాళ్ళే తొడుక్కుంటున్నారు." సిస్టర్ గొంతు తగ్గించింది. "ఆవిడ పనిదొంగ, నాకూ తెలుసు. మెచ్చుకోవట్లేదు. మీరు చేసే పనిలో సగం మానేస్తే చాలంటున్నాను."

ఆ రోజంతా సుడిగాలి మొహం మాడ్చుకునే తిరిగింది. ఇన్నేళ్ళు ఒళ్ళు హూనం చేసుకున్నది మనుషుల్ని మూలన పడెయ్యడానికా? ఆ మాట ఎవరినీ అడగలేక తనలో తనే నలిగింది. మర్నాడు ఐదో మంచం దగ్గర, ఒకప్పుడు లారీలు నడిపిన ముసలాయనకి చొక్కా చేతికిచ్చి, "మీరే వేసుకోండి బాబాయ్" అని నిలబడింది. ఆయన చొక్కా వైపు చూశాడు, ఆవిడ వైపు చూశాడు.

"ఏం తల్లీ, నా మీద కోపమొచ్చిందా?" అన్నాడు బిక్కమొహం వేసి.

ఆవిడ గబుక్కున చొక్కా తీసుకుని తొడిగేసింది. ఆ పూటకి సిస్టర్ పాఠం అంతటితో సరి.

ఇక అసలు సంగతి మూడో మంచానిది. ఆ మంచం మనిషిని టెలిఫోనమ్మ అంటారు. నలభయ్యేళ్ళు టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో పనిచేసి, ఊళ్ళోవాళ్ళందరినీ ఒకరితో ఒకరిని కలిపి, తను మాత్రం పెళ్ళి చేసుకోకుండా ఉండిపోయింది. తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయ్యాక రెండేళ్ళుగా ఇక్కడే. ఉన్నది ఒక్కడే తమ్ముడు, ఆయనకీ డెబ్భై దాటాయి. వారం వారం వచ్చే ఆ తమ్ముడు ఈసారి సిస్టర్‌తో విషయం తేల్చి చెప్పాడు.

"అక్కని తీసుకెళ్ళాలనే ఉందండీ. కానీ నా నడుముకి రెండు ఆపరేషన్లు. మా ఆవిడకి చెయ్యి భుజం దాకా లేవదు. అక్కని ఎత్తడం మా ఇద్దరివల్లా కాదు. తనంతట తను మంచం దిగి బాత్‌రూమ్‌కి వెళ్ళి రాగలిగితే చాలు, మిగతావన్నీ మేం చూసుకుంటాం. వచ్చే నెల ఒకటో తారీఖున వస్తాను. నా కళ్ళతో చూశానంటే ఆ రోజే తీసుకెళ్తా. లేదంటే ఇక ఆశ పెట్టుకోవద్దని చెప్పండి. మా ఓపికలూ అయిపోతున్నాయి."

మంచం నుంచి బాత్‌రూమ్‌కి పదకొండు అడుగులు. టెలిఫోనమ్మ అడుగులతో లెక్క.

"వెళ్ళాలనుందా పెద్దమ్మా?" అని ఆ సాయంత్రం సుడిగాలి అడిగింది.

"ఉండదూ? ఇక్కడ అందరూ నోరు మూసుకుని తింటారే. వాడూ వాడి పెళ్ళామూ రోజూ కంచాల దగ్గరే పోట్లాడుకుంటారు. ఆ గోల వింటూ నాలుగు ముద్దలు తినాలనుంది."

"అది సరే గానీ, నిదానం ఉన్నప్పుడు బొత్తాలు మీరే పెట్టుకుంటారట. నాతో ఒక్కసారైనా అన్నారా?"

"అనేలోపే పెట్టేసేదానివి కదే." టెలిఫోనమ్మ కాసేపు దుప్పటి అంచు సవరించుకుంది. "అయినా నీ చేతులు వెచ్చగా ఉంటాయి. ఈ వయసులో నన్ను ముట్టుకునేవాళ్ళు ఇంకెవరున్నారు?"

సుడిగాలి నీళ్ళ జగ్గు నింపే వంకతో బయటికి వచ్చేసింది.

మర్నాటి నుంచి నడక మొదలైంది. సిస్టర్ చెప్పిన పాఠం చిన్నదే. మంచం అంచుకి జరగాలి, పాదాలు వెనక్కి తీసుకోవాలి, ముక్కు మోకాళ్ళ మీదికి వచ్చేలా వంగాలి, చేతులతో పరుపుని నొక్కి లేవాలి. ఆయా నోటితో ఎంతైనా చెప్పొచ్చు గానీ, పడబోతే తప్ప చెయ్యి వెయ్యకూడదు.

వినడానికి ఇదీ ఒక పనేనా అనిపిస్తుంది. ఎనిమిది మందిని ఎత్తి దించడం కన్నా సుడిగాలికి ఇదే కష్టమైంది. టెలిఫోనమ్మ లేవడానికి మూడుసార్లు ఊగుతుంది, నాలుగోసారి లేస్తుంది. వాకర్ ముందుకు జరుపుతుంది, ఓ అడుగు వేస్తుంది, ఆగుతుంది, ఊపిరి తీసుకుంటుంది. అవతల ఏడుగురు ఎదురుచూస్తుంటారు. ఆయా మొహంలో ఆత్రం కనిపించినప్పుడల్లా ముసలావిడ పాత ఉద్యోగం అలవాటుకొద్దీ "లైన్లో ఉండు, లైన్లో ఉండు" అనేది. రెండు నిమిషాల్లో తెమలాల్సింది ఇరవై నిమిషాలు పట్టేది. ఊరికే నిలబడటంలో ఇంత అలసట ఉంటుందని సుడిగాలి ఎన్నడూ అనుకోలేదు.

"ఏం పని చేశావు ఇవాళ?" అని ఇంట్లో మొగుడు అడిగాడు, ఆవిడ చెప్పులతోనే మంచం మీద వాలిపోవడం చూసి.

"ఏమీ చెయ్యలేదు."

"మరి ఇంత అలిసిపోయావేం?"

"అందుకే," అని అటు తిరిగి పడుకుంది.

రెండో వారంలో ఒక పొద్దున్న, ఏడో అడుగు దగ్గర టెలిఫోనమ్మ కొంచెం తూలింది. తూలిందో, ఉత్తినే ఆగిందో. సుడిగాలి చెయ్యి తనంతట తనే వెళ్ళి ఆవిడ మోచేతి కింద దూరింది. చెయ్యి తగలడమే ఆలస్యం, ముసలావిడ మోకాళ్ళు రెండూ మడతపడ్డాయి. బరువంతా సుడిగాలి భుజం మీద పడింది. ఇద్దరూ గోడకి కొట్టుకుని, కమ్మీ దొరకబుచ్చుకుని, ఎలాగో నిలబడ్డారు.

"పడిపోయేవారు!" అంది సుడిగాలి రొప్పుతూ.

"పడేదాన్ని కాదే. నువ్వొచ్చేశావని కాళ్ళు అనుకున్నాయి. వదిలేశాయి."

ఆ తరవాత మరో రెండుసార్లు అలాగే అయింది. నిదానం డ్యూటీలో మాత్రం టెలిఫోనమ్మ పదకొండు అడుగులూ వేసి, మళ్ళీ పదకొండూ వెనక్కి వేసి, వచ్చి మంచం మీద కూర్చుంది. నిదానం ఫోన్లోంచి తలెత్తి "అప్పుడే వచ్చేశారా?" అందిట. ఈ మాట విన్నప్పుడు సుడిగాలికి నవ్వొచ్చింది, ఆ వెనకే ఏడుపూ వచ్చింది. తను లేనప్పుడే ఆ కాళ్ళకి బలం వస్తోందంటే, కన్నతల్లిలా చూసుకున్నానని ఇన్నాళ్ళూ మురిసిపోయినదంతా ఏమైనట్టు? మనసు చివుక్కుమంది. కానీ తారీఖు దగ్గరపడుతోంది, మనసు సంగతి చూసుకునే తీరిక లేదు.

ఒకటో తారీఖుకి రెండు రోజుల ముందు ఆవిడ నిదానాన్ని పక్కకి పిలిచింది.

"ఒకటో తారీఖు పొద్దున్న మూడో మంచం దగ్గర నువ్వు నిలబడాలి."

"ఆ రోజు నాకు సెలవు కదక్కా!"

"నా సెలవు ఒకటి తీసుకో. రెండు తీసుకో."

"నువ్వెందుకు నిలబడవు?"

"నా చెయ్యి ఊరుకోదే. వాళ్ళ తమ్ముడి ముందు ఆవిడని పట్టుకున్నానంటే ఇక ఆవిడ బతుకు ఇక్కడే."

నిదానం ఫోను తీసి జేబులో పెట్టుకుంది. ఆ మనిషి ఆ పని చెయ్యడం సుడిగాలి ఎప్పుడూ చూడలేదు. "సరే అక్కా. నేనేం చెయ్యాలి?"

"ఏమీ చెయ్యకు. అది నీకు బాగా వచ్చు."

ఒకటో తారీఖు తొమ్మిదింటికి తమ్ముడు వచ్చాడు. సుడిగాలి దుప్పట్ల గదిలోకి పోయి తలుపు వేసుకుంది. ఆ గదికీ మూడో మంచానికీ మధ్య ఒక్కటే గోడ. ఉతికిన దుప్పట్లు మడతపెట్టడం మొదలుపెట్టింది గానీ, ఒక్కదానికీ అంచు కలవడం లేదు. అవతల మంచం కిర్రుమంది. ఇంకోసారి. ఇంకోసారి. నాలుగోసారికి వాకర్ కాళ్ళు నేలకి తగిలిన చప్పుడు వినిపించింది. టక్. ఒక అడుగు. టక్. సుడిగాలి లెక్కపెడుతోంది. అయిదు, ఆరు, ఏడు. అక్కడ ఆగిపోయింది.

చప్పుడు లేదు, మాట లేదు.  ఏడో అడుగే, మళ్ళీ ఏడో అడుగే. చెయ్యి తలుపు గడియ మీద పడింది. నాలుగంగల్లో అక్కడుంటుంది. గడియ తీసి, తలుపు తెరవకుండానే వదిలేసి, దుప్పట్ల మూట మీద కూలబడి, రెండు చేతులూ తొడల కింద నొక్కిపెట్టుకుని కూర్చుంది. డ్యూటీలో కూర్చోవడం ఆవిడకి అదే మొదలు.

టక్.

ఎనిమిది. తొమ్మిది. పది. పదకొండు. బాత్‌రూమ్ తలుపు చప్పుడైంది. చాలాసేపటికి నీళ్ళ చప్పుడైంది. మళ్ళీ ఒక్కొక్కటే పదకొండు. ఆ తరవాత "అక్కా" అని తమ్ముడి గొంతు, పూడుకుపోయి. సిస్టర్ ఏదో అంటోంది, నిదానం చప్పట్లు కొడుతోంది. సుడిగాలి ఒక దుప్పటి మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. సంతోషమే. నెలరోజుల అలసట కూడా అందులోనే కలిసి వచ్చింది.

అప్పుడే బయటికి వెళ్ళకూడదనుకుంది. సామాన్లు సర్దుతారు, సంతకాలు పెడతారు, బయల్దేరేటప్పుడు గుమ్మం దగ్గర కనిపిస్తే చాలు. అరగంట గడిచింది. అప్పుడు తలుపు అవతలే టక్ మంది. తలుపు తోసుకుని ముందు వాకర్ వచ్చింది.

వెనకే టెలిఫోనమ్మ. రొప్పుతోంది. కోపంతో మొహం కందగడ్డలా ఉంది.

"ఇక్కడ దాక్కున్నావా?"

"నేనుంటే మీరు... నా చెయ్యి ఊరుకోదు కదా పెద్దమ్మా."

"నీ చెయ్యి సంగతి నాకు తెలీదుటే? అది వచ్చినా సరే, ఈసారి దాని మీద వాలకూడదని నెల్లాళ్ళుగా నాకు నేనే చెప్పుకున్నాను. నువ్వు వెనకెక్కడో నిలబడి చూస్తున్నావనుకునే నడిచాను. ఏడో అడుగు దగ్గర ఆగి వెనక్కి చూస్తే, అక్కడ ఆ ఫోను మనిషి ఒక్కతే నిలబడి ఉంది. నీ కోసం ఎంతసేపు చూశానో తెలుసా?"

సుడిగాలికి అప్పుడు తెలిసింది. తను గోడకి ఇవతల చేతులు నొక్కిపెట్టుకుని కూర్చున్న ఆ కాసేపూ ఆవిడ పడబోలేదు. తనని వెతుక్కుంది. ఎదురుగా లేకపోవడమే తను చెయ్యగలిగిన ఆఖరి సాయమనుకుంది సుడిగాలి. అదీ ఆవిడని ఒక్క మాట అడగకుండానే చేసింది.

"తప్పయింది పెద్దమ్మా."

"తప్పే. ఇప్పుడు చూడు."

ఆ గది నుంచి బయటి గుమ్మానికి నలభై అడుగులకి తక్కువ లేదు. తుంటి విరిగాక టెలిఫోనమ్మ ఎన్నడూ అంత దూరం నడవలేదు. తమ్ముడు చక్రాల కుర్చీ తోసుకుంటూ వచ్చాడు. "చాల్లే అక్కా, ఇక కూర్చో."

"నువ్వు కూర్చో. నడుం పోయింది నీది," అంది ఆవిడ, వాకర్ తిప్పుకుంటూ.

సిస్టర్ ఆయన చేతిలోంచి కుర్చీ తీసుకుని రెండడుగుల వెనక నడిచింది. టెలిఫోనమ్మ అయిదారు అడుగులకోసారి ఆగింది. ఆగినప్పుడల్లా తల తిప్పి, ఉన్నావా అన్నట్టు చూసింది. సుడిగాలి దుప్పట్ల గది గుమ్మంలోనే నిలబడి ప్రతిసారీ తలూపింది. సగం దూరంలో ముసలావిడ భుజాలు వణికాయి. ఇంకాస్త ముందుకి వెళ్ళాక చాలాసేపు ఆగింది. సుడిగాలి ఒళ్ళంతా అటే లాగింది, అయినా కదల్లేదు. బయటి గుమ్మం దగ్గర, ఎండ మొహాన పడే చోట, టెలిఫోనమ్మ మరోసారి ఆగింది. ఈసారి వెనక్కి చూడలేదు. కారు తలుపు ఎటువైపుందో చూసుకుని, అటు నడిచింది.